నా పేరున పెట్టిన గ్లాసు

మదనపల్లె వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగింది ఒక్కటే: "అక్కడ టమాటాలు ఏ రేటున్నాయండీ?" రేటు చెప్పాను. నేను మాత్రం తెచ్చుకున్నది టమాటాలు కాదు, ఒక ఖాళీ రమ్ము సీసా. అరవై ఐదేళ్ళవాడు, పింఛను తీసుకునేవాడు, రాయలసీమ దాకా పోయి ఖాళీ సీసా మోసుకొచ్చాడంటే ఎవరైనా నవ్వుతారు. మా ఆవిడ నవ్వలేదు. దాన్ని కడిగి పుస్తకాల బీరువా మీద పెట్టింది.

ఆ సీసాలో సగం మునిరత్నానిది. వాడూ నేనూ విశాఖపట్నంలో ఒకే ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. వాడిది కుప్పం దగ్గర పల్లె. నాకు ఆలస్యం పుట్టుకతో వచ్చిన జబ్బు. పదిన్నరకి ఆఫీసరు లోపల్నుంచి "సూర్యనారాయణా!" అని కేకేస్తే నా కుర్చీ ఖాళీగా ఉండేది, మునిరత్నం లేచేవాడు. "వచ్చాడు సార్, కిందికెళ్ళాడు" అనేవాడు. నా ఫైలు వాడే పట్టుకెళ్ళేవాడు, నా తిట్లు వాడే తినొచ్చేవాడు. చివరికి ఎంత అలవాటైపోయిందంటే, నేను కుర్చీలో ఉన్న రోజున కూడా నా పేరు వినబడితే ముందు వాడే లేచేవాడు.

ఐదేళ్ళ కిందట, రిటైరైన ఏడాది, సొంతూరు చేరిన వాడు నన్ను మదనపల్లె దగ్గరున్న హార్స్లీ హిల్స్‌కి పిలిచాడు. అక్కడ వీపున సంచులు తగిలించుకుని తిరిగే కుర్రకారు దిగే హాస్టలు ఒకటుంది, దానికి తగిలించి చిన్న బార్ ఉంది. ఆ బార్‌కి ఒక పద్ధతుంది. తాగగా మిగిలిన సీసాకి పేరు చీటీ కట్టి గోడ అరలో పెట్టిపోవచ్చు. ఎన్నాళ్ళకి తిరిగొచ్చినా అది అక్కడే ఉంటుంది, వేరేవాళ్ళెవరూ ముట్టరు. మేం సగం సీసా మిగిల్చి, చీటీ మీద ఇద్దరి పేర్లూ రాసి వచ్చాం. "వచ్చే ఏడు వచ్చి ఖాళీ చేద్దాంరా" అన్నాడు వాడు.

రెండేళ్ళు ఇదిగో అదిగో అంటూ గడిపాను. ఆ తర్వాత ఒక రోజు ఖాయం చేసుకున్నాం. తీరా రైలెక్కాల్సిన సాయంత్రం ఫోన్ చేసి రాలేనన్నాను. కారణం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది: మర్నాడు ఇంట్లో ఏసీ బిగించే మనిషి వస్తానన్నాడు. "సరేలే, నేను పోయి కాసేపు కూచోనొస్తా" అన్నాడు మునిరత్నం. మరో ఆరు నెలలకి గుండె ఆగి చనిపోయాడు. వాళ్ళావిడ రాజమ్మ ఫోన్ చేసి చెబితే, టికెట్లు దొరకలేదన్నాను. నేనసలు టికెట్ల కోసం చూడనేలేదు. వాడి ముఖం చూసే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత ఆమెకి ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు.

రెండేళ్ళు గడిచాక, ఆ సగం సీసా తీసుకుని వాడి సమాధి దగ్గరికి పోదామని, రాజమ్మకి నిజం చెబుదామని బయల్దేరాను. ఆమె గడప తొక్కనిస్తుందో లేదో తెలియదు.

మదనపల్లె

పొద్దున్నే టమాటా మార్కెట్టు చూడకపోతే మదనపల్లె చూడనట్టే. కనుచూపు మేర ఎర్రటి బాక్సులు, వాటి మధ్య పరుగులు పెట్టే హమాలీలు. ఖాళీ బాక్సు తిరగేసి కూర్చున్న ఒక రైతుని రేటడిగాను. "నిన్న బాక్సు నాలుగు నూర్లు, ఈ పొద్దు రెండు నూర్ల ఎనభై. రేపటి సంగతి ఆ సామికే తెలియల్ల" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. మా వైపు వాన గురించి మాట్లాడినట్టు వీళ్ళు రేటు గురించి మాట్లాడతారు.

మధ్యాహ్నం ఒక మెస్సులో ఎనభై రూపాయలకి రాగి సంగటి, ఊరిబిండి, కోడి పులుసు. ఊరిబిండి అంటే వేరుశనగ పప్పు, మిరపకాయలు కలిపి రోట్లో నూరిన పచ్చడి, నాలుక చురుక్కుమంటుంది. నేను సంగటిని అన్నంలాగే నములుతుంటే వడ్డించే ఆవిడ చూడలేకపోయింది. "నమలగూడదప్పా, పులుసులో ముంచి మింగల్ల" అని ఒక ముద్ద చేసి చూపించింది. మింగితే గొంతులో అడ్డం పడింది. అరవై ఐదేళ్ళకి అన్నం తినడం నేర్పించుకోవాల్సి వచ్చిందని అక్కడున్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఈ ప్రయాణంలో నేను మనసారా నవ్వింది ఆ మెస్సులోనే.

కొండ మీద

నీలగిరి చెట్ల మధ్య నుంచి పైకి పోతున్నకొద్దీ ఎండ మెత్తబడుతుంది. హాస్టల్లో మంచాలు ఒకదానిమీద ఒకటి, రైలు బెర్తుల్లా. నాకు పైది ఇచ్చారు. నిచ్చెన రెండు మెట్లెక్కి దిగిపోతుంటే, బెంగుళూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి "అంకుల్, మీరు కింద పడుకోండి" అని తన మంచం ఇచ్చేసింది.

మా ఊళ్ళో బార్ అంటే నల్ల అద్దాల తలుపు, లోపల చీకటి, బయటికొచ్చేటప్పుడు అటూ ఇటూ చూసుకోవడం. ఇక్కడ అదొక పొడుగాటి వరండా, పైన రేకులు. పట్టపగలు, గాలీ వెలుతురూ. ఒక బల్ల చుట్టూ పది మంది ఆడపిల్లలు, మగపిల్లలు. కొందరి ముందు బీరు, కొందరి ముందు నిమ్మరసం. ఎవరెవరికి కాళ్ళు ఎక్కడెక్కడ బొబ్బలెక్కాయో చూపించుకుంటున్నారు. తాగిన గ్లాసు ఎవరిది వాళ్ళే కడిగి బోర్లిస్తున్నారు. గోడ నిండా వచ్చిపోయినవాళ్ళ రాతలు, తెలుగు, కన్నడం, తమిళం, ఇంకా నేను చదవలేనివి. ఆ గోడకే అర, అరలో చీటీలు కట్టిన సీసాలు.

బార్ చూసుకునేది రెడ్డెప్ప. కొండ కింది పల్లెవాడు, ఒకప్పుడు మేకలు కాసేవాడు. ఇన్నేళ్ళుగా అందరికీ పోస్తున్నా తను ఒక్క చుక్క ఎరగడు. నేను వరండా మెట్లెక్కేసరికి గ్లాసు తుడుస్తున్నాడు. నన్ను చూశాడు. చేతిలో గుడ్డ ఆగిపోయింది. రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్... మీరు ఉండారా?"

"ఉన్నానయ్యా. ఇప్పుడే మంచం తీసుకున్నాను."

"అది కాదు సార్. మీరు బతికే ఉండారా?"

దగ్గరికొచ్చి నా మణికట్టు పట్టుకుని చూశాడు. ఆ తర్వాత అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ పొద్దు రత్నం సార్ ఒక్కడే వచ్చినాడు సార్. రెండు గ్లాసులు ఇయ్యమన్నాడు. ఒకటి ఆయన ముందర పెట్టుకున్నాడు. ఇంకొకటి ఎదురుగా ఉండే ఖాళీ కుర్చీ ముందర పెట్టినాడు. మీ సీసా తీస్తానంటే వద్దన్నాడు. రెంటిలోనూ నీళ్ళే పోసి, గంటసేపు ఆ కుర్చీ దిక్కే సూస్తా కూసున్నాడు. మా పక్క ఖాళీ చోట గ్లాసు పెట్టేది పోయినోళ్ళకే సార్. ఏమైంది సార్ అని నేను అడగలా. కండ్లకి కనపడతాండేదాన్ని యాల అడిగేది?"

వాళ్ళ పద్ధతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మా గోదావరి వైపు పుట్టిన నాకు తద్దినమంటే మంత్రాలు, దర్భలు, ఉల్లిపాయ కూడా తగలని వంట. ఇక్కడ పెద్దల అమావాస్యనాడు పోయినవాళ్ళకి వాళ్ళకేది ఇష్టమో అదే పెడతారు. మాంసమైతే మాంసం, బీడీ అయితే బీడీ, తాగేవాళ్ళయితే ఒక గ్లాసు. ఆకు ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. కాసేపు తలుపు మూసి, వాళ్ళు తిన్నారనుకున్నాక తీస్తారు.

"ఈ అరలో సీసా పెట్టి పోయినోళ్ళు నాకు ఇంటోళ్ళ లెక్క సార్" అన్నాడు రెడ్డెప్ప. "మీకు ఈ కొండ మింద ఎవురుండారు పెట్టేదానికి? అందుకని అమావాస్యకి మీ సీసాలోంచే ఒక గ్లాసు పోసి, ఆకులో సంగటీ కోడికూరా పెట్టి, మీ పేరు పెట్టి పిలిస్తి. రెండేండ్లు." అర వైపు చూశాను. సగముండాల్సిన సీసా సగానికి తక్కువైంది.

"రత్నం సార్ బాగుండాడా?" అని అడిగాడు.

చెప్పాను. చెప్పాక అతని ముఖం చూడలేకపోయాను.

"అయితే అసలాయన కడుపు మాడ్చి, బతికుండే మనిషికి పెడ్తినా?" అన్నాడు మెల్లగా.

చచ్చిపోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు కదా, ఆ మాటే అన్నాను, తేలిక చేద్దామని. రెడ్డెప్ప నవ్వలేదు. "మీకు పెరుగుతాది సార్. ఆయనకి?" అన్నాడు.

మునిరత్నం ఆ సీమలో పుట్టినవాడు. ఖాళీ కుర్చీ ముందు గ్లాసు పెడితే దానికి అర్థమేమిటో వాడికి తెలియదా? నన్ను చచ్చినవాళ్ళలో కలిపేసే అంత కోపం వచ్చిందా వాడికి? రావాల్సిందే అనిపించింది. పోయి ఆ కుర్చీలోనే కూర్చున్నాను. అక్కడే బల్ల దగ్గరున్న బెంగుళూరు అమ్మాయికి ఎంత అర్థమైందో తెలియదు గానీ, ఎదురు కుర్చీలో పెట్టిన తన సంచి తీసి కింద పెట్టుకుంది.

మర్నాడు బయల్దేరేటప్పుడు రెడ్డెప్ప సీసాని పాత తువ్వాల్లో చుట్టి ఇచ్చాడు. చీటీ విప్పలేదు. తన ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి నా జేబులో పెట్టాడు. "ఆయమ్మకి సెప్పండి సార్, తెలీక సేసినానని. నా తప్పు మన్నించమనండి" అన్నాడు. తప్పకుండా చెబుతానన్నాను. ఇంకొకరి తప్పు మోసుకెళ్ళడం ఎంత సులువో! అదే సంచిలో నాదీ ఉంది, దాన్ని ఎలా విప్పాలో మాత్రం తెలియలేదు.

పుంగనూరు దారిలో

ఈ ప్రయాణంలో నా పరువు పోయింది పుంగనూరు బస్సులో. కుదుపులకి సీసా మూత వదులై, తువ్వాలు తడిసి, సంచి తడిసి, నా చొక్కా తడిసింది. బస్సంతా రమ్ము వాసన. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు నా పక్కన నిలబడ్డంతసేపూ ముక్కు మూసుకున్నాడు.

నా పక్క సీట్లో ఒక ముసలామె, ఒళ్ళో గంప. జాలిగా చూసి, సీసాడు మజ్జిగ తీసి ఇచ్చింది. "తాగప్పా. ఈ వయసులో పొద్దున్నే మొదులుపెట్టకూడదు" అంది.

"నేను తాగలేదమ్మా, ఇది చనిపోయిన మా స్నేహితుడిది" అన్నాను.

ఆమె కళ్ళు నా సంచి మీదికి పోయాయి. "పెట్టేదానికి పోతాండావా?" అంది. అవునన్నాను. అంతే, ఆమెకి నేను తాగుబోతుని కాకుండా పోయాను. గంపకి కట్టిన చిన్న గుడ్డపేలిక విప్పి, మూత చుట్టూ గట్టిగా బిగించి కట్టింది. "పోయినోళ్ళ సొత్తు ఒలకబోయకూడదు" అంది.

వాళ్ళింట్లో రెండు పుంగనూరు ఆవులున్నాయట. నడుమెత్తు కూడా రాని ఆవులు. "ముందు ఎవురూ అడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు కార్లలో వచ్చి ఒళ్ళో పెట్టుకొని ఫోటోలు దిగతాండారు. లచ్చ ఇస్తామంటాండారు" అంది. అమ్మలేదా అంటే, "రేపు నేను పోతే అవి నాకోసం అరిస్తే సాలప్పా" అని కిటికీ వైపు తిరిగింది. నేను ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాను. పుంగనూరులో ఆమె దిగిపోయింది. ఆ ఊరి కోట కూడా చూడకుండా నేను పలమనేరు బస్సెక్కాను, అక్కడ మారి కుప్పం చేరాను.

కుప్పం

కుప్పంలో ఒకే టీ కొట్టు దగ్గర మూడు భాషలు వినబడతాయి. టీ కాసేవాడు కన్నడంలో అడిగితే తాగేవాడు తమిళంలో జవాబిచ్చాడు, చిల్లర దగ్గర ఇద్దరూ తెలుగులో పోట్లాడుకున్నారు. రెండు టీలు తాగాను, మూడోది కూడా చెప్పాను. వేళ గడిపేస్తున్నానని నాకు తెలుసు. ఆఖరికి ఆటో ఎక్కాను.

మునిరత్నం పల్లె చుట్టూ మల్బరీ తోటలు. ఇంటి పక్కన రాజమ్మ పట్టుపురుగులు పెంచే షెడ్డు. ఆమె తలుపు తీసి నన్ను చూసింది. ఆశ్చర్యపోలేదు.

"ఆడనే ఉండన్నా. లోపలికి రావద్దు."

ఆగిపోయాను.

"రెండేండ్లకి కనపడిందా దోవ? వచ్చినోడివి ఈ వాసనతోనా వచ్చేది? పురుగులు నాలుగో జ్వరం దాటినాయి. ఈ కంపు తగిలితే మేత ముట్టవు." జ్వరమంటే పురుగు పాత పొర విడిచే దశ. నాలుగోది దాటాక గూడు కట్టేదాకా ఆకలే ఆకలి. రోజుకి మూడు నాలుగు సార్లు మేత వెయ్యాలి, ఆ రోజుల్లో ఎవరు పోయినా ఎవరు వచ్చినా మేత ఆగకూడదు.

"సంచి ఆ రాయి మింద పెట్టు. తొట్టి కాడ నీళ్ళుండాయి, పోసుకో" అని లోపలికి పోయింది. నేను స్నానం చేసి వచ్చేసరికి దండెం మీద ఒక చొక్కా వేసి ఉంది. నీలం గీతల చొక్కా. ఆఫీసులో ఎన్నో సోమవారాలు నా పక్క కుర్చీలో చూసిన చొక్కా. వేసుకున్నాను. భుజాల దగ్గర వదులైంది.

షెడ్డు లోపల తట్టల నిండా తెల్లటి పురుగులు. అవి ఆకు తింటుంటే సన్నగా వాన పడినట్టు చప్పుడు. రాజమ్మ మల్బరీ కొమ్మలు పరుస్తోంది, నేనూ ఒక మోపు అందుకున్నాను. "అడ్డంగా కాదు, నిలువుగా" అంది.

ముందు రెడ్డెప్ప సంగతి చెప్పాను. ఖాళీ కుర్చీ, గ్లాసు, రెండు అమావాస్యలు. ఆమె వింటూ పని చేస్తూనే ఉంది. తర్వాత నాది చెప్పాను. ఏసీ మనిషి సంగతి, టికెట్లు చూడకపోవడం, ఏమీ దాచకుండా. ఆమె చేతులు ఆగాయి.

"ఆ పొద్దు నువ్వు కొండకి పోలేదా?"

"లేదమ్మా."

కొమ్మ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. "ఆయన ఇంటికొచ్చి నాతో ఏం చెప్పినాడో తెల్సా? సూర్యం వచ్చినాడు, బాగా మాట్లాడుకుంటిమి అని చెప్పినాడు. మళ్ళ నువ్వు చావుకి రాలా. అంత బాగా మాట్లాడుకున్నోడు యాల రాలేదా అని నేను రెండేండ్లుగా అనుకుంటానే ఉండా."

తట్ట అంచు పట్టుకున్నాను. వాడు నాకోసం గ్లాసు పెట్టింది కోపంతో కాదు. ఇరవై ఆరేళ్ళు చేసిన పనే ఆ రోజూ చేశాడు. ఖాళీ కుర్చీకి గ్లాసు పెట్టి, ఇంటికొచ్చి, వచ్చాడు అని చెప్పాడు. పెళ్ళాం దగ్గర కూడా నన్ను వెనకేసుకొచ్చాడు. నాకు ఏడుపు ఆగలేదు. పురుగులు తింటూనే ఉన్నాయి. రాజమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

కొంతసేపటికి "ఆ రెడ్డెప్ప నంబరుందా?" అంది. ఫోన్ కలిపి ఇచ్చాను. "నేను రత్నం పెండ్లాన్ని మాట్లాడతాండాను. భయపడొద్దప్పా. ఈ సూర్యం పేరు పెట్టి ఎవురు పిలిచినా ముందు లేసేది ఆయనే. వైజాగులో నేను కండ్లారా సూసినా. నువ్వు పెట్టింది ఆయనే వచ్చి తినుంటాడు" అంది. అవతల రెడ్డెప్ప ఏడవడం నాకూ వినబడింది.

సమాధి

సమాధి మల్బరీ తోట గట్టున ఉంది. రాజమ్మ ఆకులో సంగటి, ఊరిబిండి పెట్టింది. సీసాలో మిగిలింది సరిగ్గా రెండు గ్లాసులకి వచ్చింది. ఒకటి వాడికి పోశాను. రెండోది ఎదురుగా పెట్టమంది ఆమె. "తాగమనడం లేదు. పెట్టు" అంది.

"నేను మన్నించినానని అనుకోవద్దన్నా. ఇంకా లేదు" అని కూడా అంది. "పేరు పెట్టి పిలువు. బిరీన కానీ, మళ్ళీ మేత వేళైతాది."

వాడి పేరు పిలవబోయి ఆగాను. వాడు ఏ పేరుకి లేస్తాడో నాకు తెలుసు. ఆఫీసరు పిలిచినట్టే గట్టిగా పిలిచాను.

"సూర్యనారాయణా!"

సమాధి దగ్గర బతికున్నవాడి పేరు పిలవకూడదంటారు. రాజమ్మ వారించలేదు. గట్టు మీద ఆకులు కదిలాయి, అంతే. కాసేపు ఎదురుచూశాను. తర్వాత వాడి చొక్కాలో నిలబడి, నా పేరుకి మొదటిసారి నేనే పలికాను.

"వచ్చానురా" అన్నాను.